డ్రైవింగ్‌లోకి దిగుదామనుకుంటున్నారా? హెవీ లైసెన్సుకు డబ్బు కట్టే ముందు ఇలా తేల్చుకోండి

డ్రైవింగ్‌లోకి వెళ్దామా అని అడిగే కుర్రాళ్లకు రెండే రకాల సలహాలు దొరుకుతాయి. ఇంట్లో "ఆ లారీ బతుకు మనకొద్దు" అంటారు. బయట తెలిసినవాడు "నెలకి ముప్పై, నలభై ఎక్కడికీ పోవు" అంటాడు. ఈ రెండు మాటల మీద ఏ నిర్ణయమూ తీసుకోలేం. విజయవాడ ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లోడ్లు పంపే పని నాది. లోడు కోసం కాచుకునే డ్రైవర్లు రోజూ నా బల్ల ఎదురుగానే కూర్చుంటారు. వాళ్ల దగ్గర చూసిందీ, చట్టంలో ఉన్నదీ కలిపి ఒక వరుసలో పెట్టాను. చాలామంది ముందు హెవీ లైసెన్సు, అంటే లారీ, బస్సు లాంటి పెద్ద బండ్ల లైసెన్సు తీసేసుకుని, ఆ తర్వాత ఏ బండి ఎక్కాలో ఆలోచిస్తారు. మీరు అలా చేయకండి.

1. ఏ బండి, ఎవరి బండి, ఏ రూటు

స్కూల్ బస్సు నడిపే ఆయన దగ్గరా, చేపల లారీ నడిపే ఆయన దగ్గరా హెవీ లైసెన్సే ఉంటుంది. ఒకాయన రోజూ రాత్రి ఇంట్లో అన్నం తింటాడు. రెండో ఆయన ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కాబట్టి "డ్రైవర్ అవుదామా" అని కాకుండా "ఫలానా బండికి, ఫలానా రూటుకి డ్రైవర్ అవుదామా" అని ప్రశ్న వేసుకోండి.

భీమవరం, ఆకివీడు, కైకలూరు నుంచి హౌరా వైపు వెళ్లే చేపల లారీని చూడండి. చెరువు దగ్గర నుంచి వచ్చిన చేపను ఐసుతో కలిపి పెట్టెల్లో సర్ది, పెట్టె మీద పెట్టె పేర్చి బండి కదిలిస్తారు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. మార్కెట్ టైముకు అందకపోతే రేటు పడిపోతుంది, ఐసు ఎవరి కోసమూ ఆగదు. అందుకని బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకరు తోలుతుంటే ఒకరు వెనక బెర్తు మీద పడుకుంటారు. ఈ రూటుకు మీరు పనికొస్తారా లేదా తేల్చేది స్టీరింగ్ మీద పట్టు ఒక్కటే కాదు. గతుకుల మీద, హారన్ల మధ్య, ఇంకొకరు తోలుతుండగా మీకు నిద్ర పడుతుందా? పట్టకపోతే మీ వంతు వచ్చేసరికి అలసిపోయి కూర్చుంటారు.

జగ్గయ్యపేట, మట్టపల్లి వైపు సిమెంటు లోడుది ఇంకో కథ. అక్కడ తోలేది తక్కువ, కాచుకునేది ఎక్కువ. ఫ్యాక్టరీ గేటు బయట సీరియల్, లోపల కాటా, మళ్లీ దింపే చోట హమాలీల కోసం ఎదురుచూపు. ట్రిప్పు లెక్కన డబ్బు ఇచ్చే ఓనరు దగ్గర ఈ కాచుకున్న గంటలకు పైసా రాదు. టిప్పర్లు ఊరి చుట్టుపక్కలే తిరుగుతాయి గానీ ట్రిప్పుల వేగం మీదే సంపాదన. ట్రావెల్స్ స్లీపర్ బస్సుకు రాత్రంతా మేలుకోవాలి, పగలు ఎండలో పార్కింగ్ యార్డులో నిద్రపోవాలి. డీసీఎం, బొలెరో లాంటి చిన్న లోడు బండ్లయితే చాలా రోజులు రాత్రికి ఇల్లు చేరొచ్చు, కాకపోతే ఎక్కించడం, దించడంలో మీరూ చెయ్యి వేయాల్సి వస్తుంది. సొంత కారున్నవాళ్లకు రోజు కూలికి వెళ్లే యాక్టింగ్ డ్రైవర్ పని హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల బాగానే దొరుకుతుంది.

మీకు అందుబాటులో ఉన్న రెండు మూడు పనులు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటారు, డబ్బు జీతమా ట్రిప్పు లెక్కా, దారి ఖర్చు ఎవరిది. అంకె తెలియకపోతే ఆ పని ఇప్పటికే చేస్తున్న మనిషిని అడిగి రాయండి. ఓనరు చెప్పే అంకె కంటే డ్రైవరు చెప్పే అంకె ఖాయంగా నిజానికి దగ్గరగా ఉంటుంది.

2. కళ్లు, నిద్ర, షుగరు

ట్రాన్స్‌పోర్ట్ వాహనాల (సరుకు బండ్లు, బస్సులు, కిరాయి బండ్లు) లైసెన్సుకు ఫారం 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. చూపు, వినికిడి, రంగులు గుర్తుపట్టడం, రేచీకటి లాంటివన్నీ అందులో ఉంటాయి. డాక్టరు చూడకుండానే సంతకం పెట్టిస్తామనే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల జోలికి వెళ్లకండి. ఆ పరీక్ష మీకోసం, మీ ఎదురుగా వచ్చేవాళ్ల కోసం పెట్టింది.

అంతకంటే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి. ఇది లైసెన్సు ఫారంలో అడిగే ప్రశ్నే. కొలిచి నిలబడి చదివి చూడండి. అదే ప్లేటును రాత్రి, ఎదురుగా హెడ్‌లైట్లు పడుతుండగా కూడా చదవడానికి ప్రయత్నించండి. దూరపు రూట్లలో తిరిగే లైను బండికి పనికొచ్చే పరీక్ష అది. తేడా అనిపిస్తే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. అద్దాలు పెట్టుకుంటే లైసెన్సు రాదన్నది ఉత్త మాట.

రక్తపోటు, షుగరు చూపించుకోండి. గంటల తరబడి కూర్చోవడం, వేళకు తినకపోవడం, నీళ్లు తాగితే బండి ఆపాల్సి వస్తుందని తాగకపోవడం, ఇవన్నీ ఉన్న జబ్బును పెంచేవే. నడుము నొప్పి ఇప్పటికే ఉంటే పన్నెండు టైర్ల లారీ ఆలోచన పక్కన పెట్టి, కారో స్కూల్ బస్సో చూసుకోండి.

3. లైసెన్సుకు ముందు పక్క సీట్లో వెళ్లి రండి

ఈ పని మానకండి. తెలిసిన డ్రైవరు అన్నని అడిగి, ఓనరు ఒప్పుకుంటే, ఒక ట్రిప్పు మొత్తం పక్కన కూర్చుని వెళ్లండి. ఒకప్పుడు ప్రతి లారీకీ క్లీనరు ఉండేవాడు. టైర్లు తట్టి చూడ్డం నుంచి రివర్సులో వెనకనుంచి "రానీ రానీ" అనడం దాకా ఆ పనిలోనే నేర్చుకుని డ్రైవరయ్యేవాళ్లు. ఇప్పుడు చాలా బండ్లకు క్లీనరు లేడు. అంటే క్లీనరు చేసే పనులన్నీ డ్రైవరు మీదే పడ్డాయి.

పక్క సీట్లో కూర్చుని రోడ్డు ఒక్కటే చూడకండి. లోడయ్యాక టార్పాలిన్ పట్టా కప్పి తాడు బిగించేటప్పుడు లోడు పైకెక్కండి. వాన పడుతుంటే, చీకట్లో, తడి పట్టా మీద నిలబడి ఆ తాడు లాగడం మీ వల్ల అవుతుందా? స్టెప్నీ దించి టైరు మార్చేటప్పుడు మీరూ ఒక చెయ్యి వేయండి. స్నానం ఎక్కడ చేశారో, దొడ్డికి ఎక్కడికి వెళ్లారో, రాత్రి బండి ఎక్కడ పెట్టుకున్నారో, డీజిల్ దొంగల భయానికి ఎన్నిసార్లు లేచారో గమనించండి. చెక్‌పోస్టు దగ్గర ఏ కాగితాలు అడిగారో చూడండి: ఆర్‌సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్, సరుకు ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు. వీటిలో ఏది లేకపోయినా బండి ఆగేది మీతోనే.

ఘాట్ రోడ్డు దొరికితే ఇంకా మంచిది. మారేడుమిల్లి ఘాటో, దోర్నాల నుంచి శ్రీశైలం దారో దిగేటప్పుడు సీనియర్ డ్రైవరు కాలు ఎక్కడుందో చూడండి. ఎక్కిన గేరులోనే, ఎగ్జాస్ట్ బ్రేకు వాడుకుంటూ, ఇంజను పట్టులో దింపుతాడు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లూ ఉన్నారు. అప్పుడు లోడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ములు వేడెక్కి, కాలు ఎంత తొక్కినా బండి ఆగని స్థితి వస్తుంది. ఇంజను కూడా ఆపేస్తే బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగిపోయి, బ్రేకు కొట్టిన ప్రతిసారీ ట్యాంకులో గాలి తరిగిపోతుంది. మీరు నేర్చుకోబోయే గురువు న్యూట్రల్‌లో దింపే మనిషైతే గురువును మార్చుకోండి.

తిరిగొచ్చాక రెండు రోజులు ఆగి, మళ్లీ వెళ్లాలనిపిస్తోందో లేదో చూసుకోండి. పెళ్లయినవాళ్లయితే ఈ ట్రిప్పు సంగతులన్నీ ఇంట్లో చెప్పి, నెలలో ఇన్ని రాత్రులు ఉండనని స్పష్టంగా మాట్లాడుకోండి.

4. లైసెన్సు వరుస

కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ, 18 ఏళ్లకు తీసుకోవచ్చు. ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి 20 నిండాలి. ఎల్‌ఎంవీ లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది అయితేనే ట్రాన్స్‌పోర్ట్ ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఇస్తారు. అందుకని హెవీ ఆలోచన ఉన్నవాళ్లు ఎల్‌ఎంవీని వాయిదా వేయకండి, ఆ ఏడాది లెక్క అప్పటినుంచే మొదలవుతుంది. హెవీకి డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్, ఫారం 5 కూడా పెట్టాలి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు 5 ఏళ్లు నడుస్తుంది. పెట్రోలు, గ్యాసు లాంటి ప్రమాదకర సరుకులకైతే 3 ఏళ్లు, దానికి వేరే శిక్షణ ఉంటుంది.

కేంద్ర నిబంధనల్లో ఒకప్పుడున్న ఎనిమిదో తరగతి షరతు 2019లో తీసేశారు. ఇప్పటికీ "టీసీ లేకపోతే కుదరదు, నేను చూసుకుంటా" అని డబ్బు అడిగే మధ్యవర్తి ఉంటే ఆ మాట నమ్మకండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని ట్రాన్స్‌పోర్ట్ బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో హెవీకి ఖర్చు పెట్టకుండానే ఒక ఏడాది చూసుకునే వీలు దీనివల్ల ఉంది. నేనైతే ఎవరికైనా ఇదే చెబుతాను.

హెవీ నేర్చుకోవడానికి స్కూలు ఎంచుకునేటప్పుడు, ఖాళీ బండి మీద నేర్పుతారా, లోడు బండి మీద కూడా తోలనిస్తారా అని అడగండి. తెలంగాణవాళ్లకు రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ నడిపే డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. మామూలు స్కూళ్లలో దొరకని ట్రాకు, తరగతులు అక్కడ ఉంటాయి.

5. నెలకెంత అని కాదు, గంటకెంత అని లెక్క వేయండి

ఈ కింది అంకెలు లెక్క చూపడానికి నేను పెట్టుకున్నవి. మీ ఊరి అంకెలు వేసుకోండి.

లైను లారీకి జీతం 18,000, రోజు బత్తా 500 అనుకుందాం. నెలలో 24 రోజులు బండి మీదుంటే బత్తా 12,000. చెప్పుకోవడానికి 30,000. దారిలో తిండి, టీ, స్నానం, ఫోను కలిపి రోజుకు 350 చొప్పున 8,400 పోతే చేతికి మిగిలేది 21,600. తోలిన టైమూ కాచుకున్న టైమూ కలిపి రోజుకు 13 గంటలు బండితోనే ఉన్నారనుకోండి, నెలకు 312 గంటలు. గంటకు 69 రూపాయలు.

స్కూల్ బస్సుకు 15,000 జీతం. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు, 24 రోజులు, మొత్తం 144 గంటలు. గంటకు 104 రూపాయలు పడింది. మధ్యాహ్నం ఖాళీలో యాక్టింగ్ డ్యూటీ దొరికితే అది అదనం. సెలవుల్లో, ముఖ్యంగా మే నెలలో, జీతం ఇస్తారో లేదో మాత్రం ముందే అడగాలి.

ఈ లెక్క చూసి లారీ వద్దనడం నా ఉద్దేశం కాదు. లారీలో మీరు దారిలో తక్కువ ఖర్చు పెట్టుకుంటే, రిటర్న్ లోడు దొరికే రూటైతే, ఓనరు కిలోమీటరు లెక్కన అదనం ఇస్తే అంకె మారిపోతుంది. కానీ 30,000 అనే ఒక్క మాట విని స్కూల్ బస్సును తక్కువగా చూసేవాళ్లను చాలామందిని చూశాను. గంటల లెక్క వేసుకున్నాక నిర్ణయం మార్చుకున్నవాళ్లూ ఉన్నారు.

6. ఓనరుతో మాట్లాడేటప్పుడు

ఓనరు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసినట్టే మీరూ బండిని చూడండి. టైర్ల అరుగుదల, బ్రేకు, హెడ్‌లైట్లు, వైపర్లు, ఫిట్‌నెస్ తేదీ. ఆ తర్వాత కింది సంగతులు నోటితో తేల్చుకుని వాట్సాప్‌లో ఒక మెసేజిగా పెట్టండి, రేపు మాట తేడా వస్తే పనికొస్తుంది.

పంక్చరు, మామూళ్లు, పార్కింగు ఎవరి ఖాతా? బస్తా తగ్గితే షార్టేజీ ఎవరి జీతంలో కోస్తారు? ట్రిప్పు అడ్వాన్సు ఎంత, లెక్క ఎప్పుడు తేలుస్తారు? పాత డ్రైవరు ఎందుకు మానేశాడు?

ఇన్సూరెన్సు కాగితం తీసి చూపించమనండి. ఓనరే డ్రైవరైతే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరే సంగతి, అది జీతం డ్రైవరుకు వర్తించదు. డ్రైవరు పనిలో గాయపడినా చనిపోయినా చట్టప్రకారం ఓనరు ఇవ్వాల్సిన నష్టపరిహారం పాలసీలో కవర్ అయ్యుండాలి. జీతం డ్రైవరుకు అదనపు ప్రమాద బీమా కూడా కట్టించుకోవచ్చు, దానికి ప్రీమియం పెద్దదేమీ కాదు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే కంపెనీ అయితే, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ అడగండి. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయపడతారు. అడిగినందుకే వద్దనే ఓనరు దగ్గర యాక్సిడెంటు రోజున మీ ఇంటివాళ్లకు ఏం దొరుకుతుంది?

ఓవర్‌లోడు తోలనని ముందే చెప్పేయండి. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో దానికి 20,000 జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 అని ఉంది. జరిమానా ఓనరు కట్టినా, వాలులో ఆగని బండిలో కూర్చునేది మీరు. గంటల సంగతీ అంతే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని మామూలు పరిమితి పెట్టింది. రోడ్డు మీద అది ఎంత అమలైందో ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు. అందుకని మీ హద్దు మీరే పెట్టుకోండి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్లు మూతలు పడితే టీ, కిళ్లీ, మొహం మీద నీళ్లు కాసేపే కాపాడతాయి. బండి ఆపి పడుకోవడం ఒక్కటే మందు. "లేటయింది" అని ఫోన్‌లో అరిచే నాలాంటి ఆఫీసువాళ్లకు జవాబు తర్వాత చెప్పుకోవచ్చు.

కొత్త బండి దొరికితే ఒక మేలుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో నల్లగొండ దాటి విజయవాడ వచ్చే డ్రైవరుకు అది సుఖం కోసం కాదు, మెలకువగా ఉండడం కోసం.

7. యాక్సిడెంటు అయితే

దీని గురించి ముందే ఆలోచించుకోకుండా ఈ పనిలోకి రాకండి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడడం డ్రైవరు బాధ్యత. గుంపు కొడుతుందన్న భయం ఉంటే అక్కడినుంచి తప్పుకోవచ్చు. కానీ నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చెప్పాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకూడదు. 108కి, 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. చెప్పకుండా పారిపోతే పదేళ్లనే 106(2) మీదే 2024 జనవరిలో డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపారు. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చినప్పుడు దాన్ని అమల్లోకి తేకుండా ఆపి ఉంచారు. మందు తాగి ఉంటే మాత్రం మీ పక్షాన ఎవరూ మాట్లాడలేరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే.

8. ఆర్టీసీ, గల్ఫ్

ఆర్టీసీ రెగ్యులర్ పోస్టు దొరికితే, నా మాటగా, మిగతావన్నీ పక్కన పెట్టొచ్చు. 2020 జనవరి 1 నుంచి ఏపీఎస్ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2025 సెప్టెంబరులో 1,000 డ్రైవర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, పదో తరగతి అడిగారు. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు కాబట్టి వాటి కోసం ఖాళీగా కూర్చోకండి. పది తప్పినవాళ్లు ఓపెన్‌లోనైనా పాసై, హెవీ లైసెన్సు అనుభవం పెంచుకుంటూ ఉండండి. ఆర్టీసీ రంగు వేసుకున్న అద్దె బస్సుల డ్రైవర్లకు జీతం ఇచ్చేది బస్సు ఓనరు. రెండిటికీ తేడా తెలుసుకుని చేరండి. ఈ పని మగవాళ్లదే అనుకునే ఇళ్లకు ఒక మాట: యాదాద్రి భువనగిరి జిల్లా తండా నుంచి వచ్చిన వంకదారత్ సరిత 2015లో ఢిల్లీ డీటీసీ తొలి మహిళా బస్సు డ్రైవరయ్యారు, 2025లో టీజీఎస్ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టారు.

కువైట్, సౌదీ ఇంటి డ్రైవర్ వీసాకు కడప, గోదావరి జిల్లాలు, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువ. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. అతను తీసుకునే చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ దాటకూడదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే వెళ్లకండి.

9. సొంత బండి ఆఖర్న

ఫైనాన్సు కంపెనీ ఇప్పిస్తానన్నంత మాత్రాన బండి కొనకండి. ముందు రెండు మూడేళ్లు జీతానికి చేయండి. ఆ కాలంలో ఒక నోటుబుక్కు పెట్టి, మీరు తోలే బండికి ప్రతి ట్రిప్పూ ఓనరు లెక్క రాయండి: కిరాయి, డీజిల్, టోలు, బ్రోకరు కమిషను, టైర్లు, రిపేరు, ఇన్సూరెన్సు, ఖాళీగా నిలబడిన రోజులు. క్యాబ్ అయితే యాప్ కోసుకునేది, ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు కూడా. యాప్ క్యాబుల్లో సొంత బండి డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం అందాలని 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి, మీ ఫోన్‌లో ఎంత పడుతోందో లెక్క కట్టి చూసుకోండి.

ఏడాది మొత్తం లెక్కలో డ్రైవరు జీతం కూడా తీసేశాక ఎంత మిగిలిందో చూడండి. మీరే తోలుతారు కాబట్టి జీతం ఖర్చు కాదనుకుంటే లెక్క తప్పుతుంది. ఆ మిగులు ఈఎంఐకి సరిపోయి, వానాకాలం లాంటి, పని మందగించే నెలల్లో కూడా మూడు వాయిదాలు కట్టగల డబ్బు విడిగా చేతిలో ఉంటే షోరూముకు వెళ్లండి. లేకపోతే ఇంకో ఏడాది జీతం బండే తోలండి.